ఓడినవాళ్ళు గెలిచారు, గెలిచినవాళ్ళు చెదిరారు: స్కాట్లాండ్ రెఫరెండానికి పదేళ్ళు

కోటిపల్లి రేవు
18 సెప్టెంబరు 2024, రాత్రి 9:10

ఇవాళ్టికి సరిగ్గా పదేళ్ళు. 2014లో ఇదే రోజున బ్రిటన్‌లో భాగమైన స్కాట్లాండ్ ప్రజలను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా? 44.7 శాతం అవునన్నారు, 55.3 శాతం వద్దన్నారు. నూటికి దాదాపు ఎనభై అయిదు మంది ఓటేశారు కాబట్టి జనం పట్టించుకోలేదని అనడానికీ లేదు. తేడా సుమారు 3 లక్షల 84 వేల ఓట్లు. తీర్పు తేటతెల్లం.

నన్ను తొలిచేది ఆ తర్వాతి కథ. మన దగ్గర ఎన్నికల్లో ఓడితే పార్టీ ఆఫీసు ముందు కార్లు మాయమవుతాయి, నెల తిరక్కుండా సగం మంది కండువాలు మార్చేస్తారు. అక్కడ ఓడిన పార్టీలో, స్వాతంత్ర్యం కోరిన స్కాటిష్ నేషనల్ పార్టీ (ఎస్‌ఎన్‌పీ)లో, చేరడానికి జనం ఎగబడ్డారు. ఎనిమిది నెలలు నిండకుండానే వచ్చిన బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో స్కాట్లాండ్‌లోని 59 సీట్లలో 56 ఆ పార్టీయే పట్టుకుపోయింది. అంతకుముందు దానికున్నవి ఆరు.

వద్దని తీర్పిచ్చిన జనమే మళ్ళీ వాళ్ళకే ఎలా పట్టం కట్టారు? సానుభూతి అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా ఎవరైనా విడమరిచి చెబుతారా?

లెక్కల పద్దు
18 సెప్టెంబరు 2024, రాత్రి 10:02

"ఆ జనమే" అన్నారు చూడండి, తప్పు అక్కడ జరిగింది.

రెఫరెండంలో 'అవును' ఓట్లు 16,17,989. 2015 మే 7న ఎస్‌ఎన్‌పీకి వచ్చినవి 14,54,436. అంటే రెఫరెండంలో ఓడిన సంఖ్య కంటే లక్షా అరవై వేలు తక్కువ తెచ్చుకుని ఆ పార్టీ రాష్ట్రాన్ని ఊడ్చేసింది. (రాష్ట్రం అన్నానని ఎవరైనా కొట్టేలోగా సవరించుకుంటున్నాను: దేశాన్ని.) దీనికోసం వద్దన్నవాళ్ళలో ఒక్కరు కూడా మనసు మార్చుకోనక్కర్లేదు. అవునన్నవాళ్ళు మూకుమ్మడిగా ఒకే పార్టీకి వేశారు. వద్దన్నవాళ్ళు లేబర్‌కు 24.3, కన్జర్వేటివ్‌లకు 14.9, లిబరల్ డెమోక్రాట్లకు 7.5 శాతంగా చీలిపోయారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే సీటు అనే పద్ధతి మనదీ వాళ్ళదీ ఒకటే కదా. సగం ఓట్లు ఒక మూటలో, మిగతా సగం మూడు మూటల్లో ఉంటే ఏమవుతుందో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

50 శాతం ఓట్లకు 95 శాతం సీట్లు. మిగిలిన మూడూ పార్టీకి ఒకటి చొప్పున, పంక్తిలో వడ్డించినట్టు. అంతకుముందు లేబర్‌కు 41, లిబరల్ డెమోక్రాట్లకు 11 ఉండేవి.

నలభై అయిదు శాతానికి ఒక జెండా ఉంది. యాభై అయిదు శాతానికి లేదు. నా మటుకు సగం జవాబు ఇదే.

క్లైడ్ ఒడ్డు
19 సెప్టెంబరు 2024, తెల్లవారుజాము 2:41

లెక్క సరే. ఆ అంకెల వెనక మనుషుల సంగతి నన్ను చెప్పనివ్వండి.

నేను 2009 నుంచి గ్లాస్గోలో ఉంటున్నాను, ఆస్పత్రి ఉద్యోగం. 2014లో నా చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే. అయినా ఓటేశాను. స్కాట్లాండ్‌లో నివసిస్తూ, ఉండటానికి అనుమతి ఉన్న కామన్వెల్త్ దేశాలవాళ్ళకు కూడా ఆ రెఫరెండంలో ఓటు ఇచ్చారు. బహామాస్‌లో స్థిరపడిన షాన్ కానరీకి మాత్రం, స్వాతంత్ర్యం కోసం ఆయన ఎన్నేళ్ళు మాట్లాడినా, ఓటు లేదు. ఈ ముక్క ఫోనులో చెబితే మా నాన్నగారు "జేమ్స్ బాండ్‌కి లేని ఓటు మా అమ్మాయికి ఉంది" అని వీధి వీధంతా చెప్పుకున్నారు. ఎటు వేశానో మాత్రం అడగకండి. ఇంట్లోనే చెప్పలేదు.

ఆ రాత్రి ఫలితాల్లో మొదట వచ్చింది క్లాక్‌మనన్‌షైర్ అనే చిన్న జిల్లా. 'అవును' వర్గానికి ఆశలున్న చోటు. అక్కడే ఓడిపోయారు. తెల్లారేసరికి 32 జిల్లాల్లో నాలుగే వాళ్ళవి: డండీ, గ్లాస్గో, వెస్ట్ డన్‌బార్టన్‌షైర్, నార్త్ లానార్క్‌షైర్. మా వార్డులో ఆ ఉదయం చావు ఇల్లులా ఉంది. 'అవును' బ్యాడ్జీ పెట్టుకుని నెలల తరబడి తిరిగిన నర్సు ఒకావిడ ఇంజక్షన్ ట్రే సర్దుతూనే ఏడ్చింది. 'వద్దు' వేసిన వాళ్ళు కూడా స్వీట్లు పంచుకోలేదు. అది నాకు వింతగా అనిపించింది. గెలిచినవాళ్ళ ముఖాల్లో కనబడింది ఊరటే, ఉత్సాహం లేదు.

ఆ నర్సు అంతకుముందు ఏ పార్టీలోనూ లేదు. వారం తిరక్కముందే ఎస్‌ఎన్‌పీలో చేరింది. ఆవిడలాంటివాళ్ళు ఎంతమందో! రెఫరెండం నాటికి పాతిక వేల సభ్యత్వం ఉన్న పార్టీ 2015 మార్చికల్లా లక్ష దాటింది. నవంబరులో కొత్త నాయకురాలు నికోలా స్టర్జన్ మా ఊళ్ళోని హైడ్రో ప్రాంగణంలో సభ పెడితే సుమారు 12 వేల మంది వచ్చారు, సినిమా తారల కచేరీకి వచ్చినట్టు. జనం ఫేస్‌బుక్‌లో తమ బొమ్మ తీసేసి '45' అంకె పెట్టుకున్నారు. ఇక్కడివాళ్ళకు ఆ అంకెలో ఇంకో అర్థం కూడా ఉంది. 1745లో జరిగిన జాకోబైట్ తిరుగుబాటును వాళ్ళు 'నలభై అయిదు' అనే పిలుస్తారు. అదీ ఓడిపోయినదే. ఓటమిని బ్యాడ్జీగా పెట్టుకోవడం ఈ నేలకు కొత్త కాదు.

థేమ్స్ గాలి
19 సెప్టెంబరు 2024, మధ్యాహ్నం 1:15

క్లైడ్ ఒడ్డు గారూ, మీ వర్ణన బాగుంది కానీ ఇదంతా రెఫరెండం మహిమే అంటే ఒప్పుకోను. గడ్డి ఎప్పుడో ఎండింది. 2014 నిప్పురవ్వ మాత్రమే.

2007లోనే స్కాట్లాండ్ పార్లమెంటులో ఎస్‌ఎన్‌పీ 47, లేబర్ 46. ఒక్క సీటు తేడాతో అధికారం పోయింది. 2011లో ఎస్‌ఎన్‌పీకి 129లో 69 వచ్చాయి. ఎవరికీ పూర్తి మెజారిటీ రాకూడదని తీర్చిదిద్దిన పద్ధతిలో మెజారిటీ! అప్పటికే లేబర్ ఇంట్లో దూలాలు పుచ్చిపోయాయి. గ్లాస్గోలో లేబర్ టికెట్టు వస్తే చాలు, గెలుపు ఖాయమన్న ధీమాతో నాయకులు వాడల్లోకి వెళ్ళడం మానేశారు. కొంచెం చురుకైనవాడల్లా లండన్ రైలెక్కాడు.

దానికితోడు రెఫరెండంలో కన్జర్వేటివ్‌లతో ఒకే వేదిక ఎక్కారు. స్కాట్లాండ్‌లో కన్జర్వేటివ్ మాజీ ప్రధాని థాచర్ పేరు చెబితే ఇప్పటికీ పళ్ళు కొరికేవాళ్ళుంటారు. వాళ్ళ పక్కన నిలబడి గెలిచిన లేబర్‌కు 'ఎర్ర టోరీలు' (టోరీలంటే కన్జర్వేటివ్‌లే) అని పేరు పడింది. గెలిచిన నెల రోజులకే స్కాటిష్ లేబర్ నాయకురాలు జోహాన్ లామాంట్ రాజీనామా చేసింది, లండన్ పెద్దలు తమను ఒక బ్రాంచి ఆఫీసులా చూస్తున్నారని మొహం మీదే చెప్పి. ఎస్‌ఎన్‌పీ ఏళ్ళ తరబడి అంటున్న మాటను లేబర్ నాయకురాలే ధ్రువీకరించింది. ఆ తర్వాత వచ్చిన జిమ్ మర్ఫీ తన సీటే నిలుపుకోలేకపోయాడు. మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్ 2010లో 23 వేలకు పైగా మెజారిటీతో గెలిచిన సీటు కూడా, ఆయన తప్పుకున్నాక, పోయింది. పైస్లీలో డగ్లస్ అలెగ్జాండర్ లాంటి మాజీ మంత్రిని ఓడించిన మైరి బ్లాక్‌కు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఇంకా డిగ్రీ చదువుతోంది.

కోటిపల్లి రేవు
19 సెప్టెంబరు 2024, మధ్యాహ్నం 2:03

ఓడింది ఒకరు, రాజీనామా చేసింది గెలిచినవారా!

థేమ్స్ గాలి
19 సెప్టెంబరు 2024, మధ్యాహ్నం 2:09

ఇద్దరూ చేశారు. ఎస్‌ఎన్‌పీ నాయకుడు అలెక్స్ సామండ్ మర్నాడే తప్పుకుంటానని ప్రకటించాడు. తన వంతు అయిపోయిందని, కల మాత్రం చావదని చెప్పి వెళ్ళాడు. అక్కడ దిగిపోవడం పార్టీకి ఊపిరి అయింది, ఇక్కడ దిగిపోవడం పార్టీకి కొరివి అయింది.

నల్లబల్ల
19 సెప్టెంబరు 2024, రాత్రి 8:30

రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఓడితే కసి పెరిగి పార్టీ బలపడుతుందన్నది సూత్రమైతే, అదే స్కాట్లాండ్‌లో, అదే పార్టీకి, 1979లో ఎందుకు పనిచేయలేదు?

1979 మార్చి 1న కూడా అక్కడ ఒక రెఫరెండం జరిగింది. దేశం కోసం కాదు, ఎడిన్‌బరోలో ఒక శాసనసభ కోసం. ఓటేసినవాళ్ళలో 51.6 శాతం కావాలన్నారు. అంటే గెలిచారు. అయినా ఓడారు! అధికార లేబర్ సభ్యుడు జార్జ్ కన్నింగ్‌హామ్, పుట్టుకకు స్కాట్లాండ్‌వాడు, ప్రాతినిధ్యం లండన్‌లోని ఇస్లింగ్టన్‌కు, బిల్లులో ఒక మెలిక పెట్టించాడు: మొత్తం నమోదైన ఓటర్లలో కనీసం 40 శాతం అవుననాలి. వచ్చింది 32.9 శాతం. ఇంట్లో కూర్చున్నవాడి ఓటు కూడా 'వద్దు' ఖాతాలో పడినట్టే లెక్క.

ఎస్‌ఎన్‌పీకి కోపం వచ్చింది. వాళ్ళ 11 మంది సభ్యులూ లేబర్ ప్రధాని కాలహన్ ప్రభుత్వం మీద అవిశ్వాసానికి సిద్ధమయ్యారు, థాచర్ ఆ అవకాశాన్ని అందిపుచ్చుకుంది. మార్చి 28న 311–310, ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం కూలింది. టర్కీ కోళ్ళు క్రిస్మస్ తొందరగా రావాలని ఓటేయడం చరిత్రలో ఇదే మొదటిసారని కాలహన్ సభలోనే వెటకారం చేశాడు. మన భాషలో చెప్పాలంటే జాతరకు మేకపోతే ముహూర్తం పెట్టించుకున్నట్టు. ఆ మాట నిజమైంది. ఎన్నికల్లో 11 కాస్తా 2 అయ్యాయి. ఆపైన పద్దెనిమిదేళ్ళు కన్జర్వేటివ్ పాలన. శాసనసభ కోసం మళ్ళీ అడిగింది 1997లో. అప్పుడు 74.3 శాతం అవునన్నారు, 1999లో సభ కొలువుదీరింది.

మరి 1979కీ 2014కీ తేడా ఏమిటి? 1979లో ఎస్‌ఎన్‌పీ చేతిలో ఏమీ లేదు, కోపం తప్ప. 2014లో ఓడిన మర్నాడు కూడా ఎడిన్‌బరోలో ప్రభుత్వం వాళ్ళదే. బడ్జెట్టు వాళ్ళది, ఆస్పత్రులు వాళ్ళవి, బడులు వాళ్ళవి, టీవీలో స్కాట్లాండ్ తరఫున మాట్లాడే గొంతు వాళ్ళది. ఓడినవాడికి కుర్చీ మిగిలితే, ఆ ఓటమి కూడా పెట్టుబడే. లెక్కల పద్దు గారు చెప్పిన జెండా సిద్ధాంతానికి ఈ కుర్చీ కూడా కలపండి.

క్లైడ్ ఒడ్డు
19 సెప్టెంబరు 2024, రాత్రి 11:52

మాస్టారూ, నమస్కారం. జెండా, కుర్చీ సరే. అగ్గి రాజేసింది మాత్రం అప్పటి బ్రిటన్ ప్రధాని, కన్జర్వేటివ్ నాయకుడు డేవిడ్ కామెరాన్ ఫలితం వచ్చిన ఉదయం చేసిన ప్రసంగమే అంటాను.

ఓటింగుకు పదకొండు రోజుల ముందు ఒక సర్వేలో 'అవును' 51–49తో ముందుకొచ్చింది. లండన్‌లో కాళ్ళ కింద భూమి కదిలింది. సెప్టెంబరు 16న డైలీ రికార్డ్ పత్రిక మొదటి పేజీలో కామెరాన్, లేబర్ నాయకుడు మిలిబాండ్, లిబరల్ డెమోక్రాట్ నాయకుడు క్లెగ్ ముగ్గురూ సంతకాలు పెట్టి ఒక ప్రమాణం అచ్చువేయించారు: వద్దని ఓటేయండి, మీ పార్లమెంటుకు విస్తృతమైన కొత్త అధికారాలిస్తాం, నిధుల పంపకానికి వాడే బార్నెట్ సూత్రాన్ని కొనసాగిస్తాం. మర్నాడు గ్లాస్గోలోని మేరీహిల్‌లో గోర్డన్ బ్రౌన్ చేసిన ప్రసంగం విని, వద్దనుకునేవాళ్ళు మొదటిసారి తలెత్తుకున్నారు.

ఇక 19వ తేదీ. ఫలితం వచ్చి ఇంకా గంటలే. కామెరాన్ తన ఇంటి గుమ్మం ముందు నిలబడి స్కాట్లాండ్‌కు ఇచ్చిన మాట ఎత్తాడు, ఆ వెంటనే ఇంగ్లండ్ సంగతి తెచ్చాడు: ఇంగ్లండ్ వ్యవహారాల మీద ఇంగ్లండ్ సభ్యులే ఓటేసే ఏర్పాటు కూడా దీనితోపాటే నడవాలి. అందులో న్యాయం లేదనను. స్కాట్లాండ్ సభ్యులు ఇంగ్లండ్ బడుల మీద ఓటేయవచ్చు, ఇంగ్లండ్ సభ్యులు స్కాట్లాండ్ బడుల మీద ఓటేయలేరు, ఇదెక్కడి ధర్మమని టామ్ డాలియెల్ అనే స్కాట్లాండ్ సభ్యుడే 1977లో అడిగాడు. అయితే దేనికైనా వేళాపాళా ఉండాలి కదా. పెళ్ళిపందిరి విప్పకముందే కట్నం లెక్క అడిగినట్టు! వద్దని వేసిన మా పక్కింటాయన కూడా ఆ రోజు "ఏరు దాటారు, ఇక తెప్ప తగలేస్తారు" అన్న అర్థం వచ్చేలా ఏదో తిట్టాడు. (ఆయన అన్న మాట ఇక్కడ రాయదగింది కాదు.)

సాయంత్రం జార్జ్ స్క్వేర్‌లో బ్రిటన్ జెండాలు పట్టుకున్న ఒక గుంపు 'అవును' కుర్రాళ్ళ మీదికి వెళ్ళింది, పోలీసులు అడ్డుగోడలా నిలబడ్డారు. వారం తిరక్కముందే న్యూయార్క్‌లో మైకు ఆన్‌లో ఉందని చూసుకోకుండా కామెరాన్, ఫలితం చెప్పగానే రాణిగారు ఫోనులో పెంపుడు పిల్లిలా గుర్రుమన్నారని చెప్పి, తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. మా వార్డులో ఆ నర్సు ఈ వార్త పేపరు ముక్క కత్తిరించి లాకరు తలుపు మీద అతికించింది. చాలా కాలం అక్కడే ఉంది.

మానుకోట
20 సెప్టెంబరు 2024, ఉదయం 7:20

ఇది చదువుతుంటే 1971 గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? 1969 ఉద్యమం అణగారాక వచ్చిన లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 సీట్లలో 10 గెలిచింది. అచ్చం మీ 56 కథే. తేడా ఎక్కడంటే, అదే ఏడాది ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. సీట్లు వచ్చాయి, జెండా పోయింది. స్కాట్లాండ్‌వాళ్ళు జెండాను ఎవరికీ అప్పగించలేదు.

ఇంకో విడ్డూరం కూడా 2014లోనే ఉంది. జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అయినా పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడగాలి, వినాలని లేదు. స్కాట్లాండ్‌లో అక్కడి సభ మళ్ళీ మళ్ళీ అడిగినా లండన్ ఇవ్వలేదు. ఇక్కడ సభ వద్దన్నా ఢిల్లీ ఇచ్చింది. తాళంచెవి రెండు చోట్లా పై పార్లమెంటు దగ్గరే.

సర్కారు తుమ్మ
20 సెప్టెంబరు 2024, ఉదయం 7:48

మొదలుపెట్టారా! ఒక సార్వభౌమ దేశం అడగడానికీ, అదే దేశంలో ఇంకో రాష్ట్రం అడగడానికీ పోలికేమిటి? పైగా సభ వద్దన్నాక ఇవ్వడం గొప్ప అన్నట్టు రాస్తున్నారు. మా ఊళ్ళో ఆ ఏడాది

[మిగతా భాగం తొలగించబడింది]

నిర్వాహకుడు
20 సెప్టెంబరు 2024, ఉదయం 8:05

రాష్ట్ర విభజనకు వేరే గది ఉంది, అక్కడ పదేళ్ళుగా పొయ్యి ఆరలేదు. దయచేసి స్కాట్లాండ్‌ను వదలకండి. మానుకోట గారి పోలిక ఉంచుతున్నాను, దాని మీద వచ్చిన పదకొండు జవాబులు తీసేశాను.

మాంట్రియల్ మంచు
20 సెప్టెంబరు 2024, రాత్రి 9:37

మాస్టారి కుర్చీ సిద్ధాంతానికి కెనడాలోని మా క్విబెక్ సాక్ష్యం చెబుతుంది. 1980లో ఇక్కడి రెఫరెండంలో దాదాపు 60 శాతం వద్దన్నారు. అడిగింది ఇక్కడ అధికారంలో ఉన్న, విడిపోవాలనే 'పార్టీ క్విబెక్వా'. మరుసటి ఏడాది ఎన్నికల్లో జనం మళ్ళీ వాళ్ళనే గెలిపించారు. "నువ్వు అడిగింది ఇవ్వం, నిన్ను మాత్రం వదులుకోం" అన్నట్టు.

1995లో ఇంకోసారి అడిగారు. 50.58 శాతం వద్దు. దాదాపు 47 లక్షల మంది ఓటేస్తే తేడా 54 వేలు. ఆ రాత్రి ముఖ్యమంత్రి జాక్ పారిజో తమను ఓడించింది డబ్బు, ఇతర జాతులవాళ్ళ ఓట్లు అని నోరు జారి మర్నాడే రాజీనామా ప్రకటించాడు. నేను అప్పటికి ఇక్కడికి రాలేదు, కానీ మా వీధిలో ఉండే పాత గుజరాతీ దుకాణదారు ఆ వాక్యాన్ని ఇప్పటికీ ఫ్రెంచిలో అప్పజెబుతాడు. స్కాట్లాండ్‌లో ఓడినవాళ్ళు వలస వచ్చినవాళ్ళ మీద వేలు చూపలేదు. క్లైడ్ ఒడ్డు గారి ఓటు గురించి ఎవరూ గుచ్చి అడగలేదంటే, అది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత ఇక్కడివాళ్ళు అలసిపోయారు. ఇంకోసారి అన్న మాట వినబడితే రెఫరెండంను 'నెవరెండం' అని వెక్కిరించడం మొదలుపెట్టారు. 2018కల్లా పార్టీ క్విబెక్వా 10 సీట్లకు పడిపోయింది.

లెక్కల పద్దు
20 సెప్టెంబరు 2024, రాత్రి 10:15

నా మొదటి మాటకు నేనే ఒక సవరణ చేసుకోవాలి. 55 శాతానికి జెండా లేదన్నాను. 2015 వరకే లేదు. 2016లో దొరికింది.

ఆ ఏడాది స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికల్లో కన్జర్వేటివ్‌లు 31 సీట్లతో రెండో స్థానానికి వచ్చారు. లేబర్ 24తో మూడో స్థానం. వాళ్ళ నాయకురాలు రూత్ డేవిడ్‌సన్ తన పార్టీ పేరు చిన్నక్షరాల్లో, 'రెండో రెఫరెండం వద్దు' అన్నది పెద్దక్షరాల్లో పెట్టి నడిపింది. 2017 పార్లమెంటు ఎన్నికల్లో ఎస్‌ఎన్‌పీ 56 నుంచి 35కు దిగింది, కన్జర్వేటివ్‌లు ఒకటి నుంచి 13కు ఎక్కారు. సామండ్ కూడా ఓడిపోయాడు. అవునన్నవాళ్ళకు ఒక పార్టీ, వద్దన్నవాళ్ళకు ఒక పార్టీ. నడుమ లేబర్ రెంటికీ చెడ్డ రేవడి అయింది.

కోటిపల్లి రేవు
21 సెప్టెంబరు 2024, ఉదయం 6:55

ఇంతమంది గెలిచినప్పుడు రెండో రెఫరెండం ఎందుకు పెట్టలేకపోయారు? ఈలోగా బ్రెగ్జిట్ కూడా వచ్చింది కదా.

నల్లబల్ల
21 సెప్టెంబరు 2024, ఉదయం 10:40

స్కాట్లాండ్ పార్లమెంటును పుట్టించింది 1998 చట్టం. దాని ప్రకారం రాజ్యాంగ సంబంధమైన విషయాలు, అంటే బ్రిటన్‌తో కలయిక (యూనియన్) ఉండాలా వద్దా అన్నవి, లండన్ చేతిలో ఉంటాయి. 30వ సెక్షన్ కింద ఆ అధికారాన్ని లండన్ కావాలంటే బదలాయించవచ్చు. 2012 అక్టోబరు 15న కామెరాన్, సామండ్ ఎడిన్‌బరోలో సంతకాలు చేసింది దానికే. 2014 ఓటింగుకు చట్టబద్ధత అలా వచ్చింది. ఒక్కసారికి, గడువుతో.

2016 జూన్‌లో బ్రిటన్ మొత్తం మీద 51.9 శాతం ఐరోపా సమాఖ్య నుంచి బయటికి పోదామన్నారు. స్కాట్లాండ్‌లో 62 శాతం ఉందామన్నారు, 32 జిల్లాల్లోనూ అదే మాట. 2014లో 'వద్దు' వర్గం భయపెట్టిందేమిటో గుర్తుందా? విడిపోతే ఐరోపా సభ్యత్వం పోతుందని! కలిసి ఉన్నందుకే పోయింది. 2017 మార్చిలో స్టర్జన్ 30వ సెక్షన్ కింద అధికారం అడిగితే, అప్పటి బ్రిటన్ ప్రధాని థెరెసా మే ఇది సమయం కాదంది. 2020 జనవరిలో ప్రధాని బోరిస్ జాన్సన్ ఏకంగా, ఇది తరానికి ఒక్కసారి వచ్చే అవకాశమని మీరే అన్నారుగా అని ఉత్తరం రాశాడు. ఓటర్లను కదిలించడానికి సామండ్ వాడిన మాట అది. ప్రచారంలో అన్న మాటను ప్రామిసరీ నోటులా దాచుకుని చూపించారు.

చివరికి తమ సభకే ఆ అధికారం ఉందేమో తేల్చమని సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2022 నవంబరు 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా లేదన్నారు. సలహా కోసం పెట్టే ఓటింగైనా యూనియన్‌కు సంబంధించినదే కాబట్టి లండన్ అనుమతి తప్పదన్నారు.

థేమ్స్ గాలి
21 సెప్టెంబరు 2024, ఉదయం 11:20

ఆ తీర్పు రోజే స్టర్జన్, వచ్చే సార్వత్రిక ఎన్నికలనే రెఫరెండంగా తీసుకుంటామంది. మూడు నెలలు తిరక్కుండా తానే రాజీనామా ప్రకటించింది. ఆ ఎన్నికలు మొన్న జూలై 4న జరిగాయి. ప్రణాళిక మొదటి పేజీ మొదటి వరుసలోనే స్వతంత్ర దేశం కోసం ఎస్‌ఎన్‌పీకి ఓటేయమని రాసుకున్నారు. 57లో 9 వచ్చాయి. లేబర్‌కు 37. ఇక దాన్ని రెఫరెండంగా తీసుకుంటారా, అడగండి.

లెక్కల పద్దు
21 సెప్టెంబరు 2024, మధ్యాహ్నం 12:06

అప్పుడు 50 శాతానికి 56 వచ్చినప్పుడు ఆ పద్ధతి లోపం అన్నవాణ్ణి, ఇప్పుడు 30 శాతానికి 9 వచ్చినప్పుడూ అదే అంటాను. లేబర్‌కు వచ్చింది 35 శాతం. అయిదు శాతం తేడాకు నాలుగు రెట్ల సీట్లు. పాము నిచ్చెన ఆటలో ఒకే గడిలో రెండూ గీసినట్టుంది.

క్లైడ్ ఒడ్డు
21 సెప్టెంబరు 2024, రాత్రి 10:48

జూలై ఎన్నికల్లో మా వార్డులో నలుగురితో మాట్లాడాను. స్వాతంత్ర్యం మీద మనసు మార్చుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. సర్వేల్లో కూడా ఆ మద్దతు 2014 నాటి గీతకు అటూ ఇటూగానే ఉంది. జనం విసిగింది పార్టీ మీద. పదిహేడేళ్ళుగా అధికారం. ఆస్పత్రి క్యూలు నేను రోజూ చూస్తున్నవే, ద్వీపాలకు పడవలు సమయానికి రావు, పార్టీ నిధుల మీద పోలీసు దర్యాప్తు, ఏడాదిన్నర లోపు ముగ్గురు ఫస్ట్ మినిస్టర్లు (మన ముఖ్యమంత్రుల్లాంటివాళ్ళు). మాస్టారూ, ఓడినప్పుడు కాపాడిన కుర్చీయే ఇప్పుడు బరువైంది. అవునన్నవాడు కూడా "ముందు లండన్‌లో టోరీలను దింపుదాం, అది తర్వాత చూద్దాం" అని లేబర్‌కు వేశాడు.

ఆ ప్రమాణం సంగతి కూడా చెప్పేస్తాను. మోసం అని ఇక్కడ చాలామంది అంటారు. అన్యాయంగా మాట్లాడకూడదు, కొంత ఇచ్చారు. లార్డ్ స్మిత్ కమిషన్ 2014 నవంబరు 27కల్లా నివేదిక ఇచ్చింది, దాని మీద 2016లో చట్టం వచ్చింది. ఆదాయపు పన్ను రేట్లు, శ్లాబులు ఇప్పుడు ఎడిన్‌బరోయే నిర్ణయిస్తుంది. కొన్ని సంక్షేమ పింఛన్లు కూడా. అందుకే నా జీతం చీటీలో పన్ను కోడుకు ముందు స్కాట్లాండ్ గుర్తుగా 'ఎస్' అక్షరం ఉంటుంది. ఇంగ్లండ్‌లో నాతో సమానమైన జీతం తీసుకునే మా మరిదికి అది లేదు, అంత పన్నూ లేదు. రెఫరెండంలో 'ఎస్' గెలవలేదు కానీ నా జీతం చీటీలో మాత్రం గెలిచిందని అతను ప్రతి ఏప్రిల్‌లోనూ ఫోను చేసి మరీ ఏడిపిస్తాడు.

కామెరాన్ తెచ్చిన ఇంగ్లండ్ ఓట్ల ఏర్పాటు 2015లో అమల్లోకి వచ్చి 2021లో రద్దయింది. అంత అగ్గి రాజేసినదాన్ని ఎత్తేస్తే ఎవరూ గమనించను కూడా లేదు.

కోటిపల్లి రేవు
13 అక్టోబరు 2024, ఉదయం 7:30

ఈ చర్చను మళ్ళీ పైకి తెస్తున్నందుకు మన్నించండి. అలెక్స్ సామండ్ నిన్న ఉత్తర మాసిడోనియాలోని ఓహ్రిడ్‌లో చనిపోయాడట. ఒక సదస్సులో మాట్లాడటానికి వెళ్ళి. 69 ఏళ్ళు.

నల్లబల్ల
13 అక్టోబరు 2024, ఉదయం 8:12

ఓడిపోయిన రెఫరెండంతో పేరు నిలిచిన రాజకీయ నాయకులు అరుదు. తన వారసురాలు స్టర్జన్‌తో చివరికి మాటల్లేకుండా పోవడం, 2020లో కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాక అల్బా అనే వేరే పార్టీతో ఒక్క సీటూ గెలవలేకపోవడం, అవన్నీ వేరే అధ్యాయం. 1979 ఓటమి తర్వాత పార్టీలో అతివాదిగా ముద్రపడి కొంతకాలం బహిష్కరణకు గురైన కుర్రాడు అతనే. రెండు ఓటములనూ లోపలి నుంచి చూసినవాడు.

క్లైడ్ ఒడ్డు
13 అక్టోబరు 2024, సాయంత్రం 5:26

ఉదయం డ్యూటీకి వెళ్తే ఆ నర్సు కనబడింది. మూడేళ్ళ కింద సభ్యత్వం వదిలేసిందని నాకు ఇవాళే తెలిసింది. సామండ్ గురించి ఒక్క మాటా అనలేదు. లాకరు తలుపు మీద ఆ పేపరు ముక్క అతికించిన చోట జిగురు మరక మాత్రం ఇంకా ఉంది.

2014లో మా అబ్బాయికి ఆరేళ్ళు. ఆ రోజు పోలింగు బడి గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు పదహారు. స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నికలకు ఇక్కడ ఆ వయసుకే ఓటు వస్తుంది. రాత్రి వార్తలు చూస్తూ, మళ్ళీ రెఫరెండం వస్తే ఎటు వేస్తావురా అని అడిగాను. "ఎప్పుడు పెడతారు?" అన్నాడు. ఎవరు పెడతారో కూడా నాకు తెలియదన్నాను. అన్నం తినేసి పైకి వెళ్ళిపోయాడు.

కోటిపల్లి రేవు
13 అక్టోబరు 2024, రాత్రి 9:01

మాస్టారూ, ఆ బహిష్కరణ కథ వేరే చర్చగా మొదలుపెట్టండి. ఇక్కడ రాస్తే ఎవరికీ దొరకదు.